సింథటిక్ మురుగు చాలు, మూసీ మురుగు మీద పని చేయండి: నీటిశుద్ధి పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో మురుగునీటి శుద్ధి మీద, శుద్ధి చేసిన నీటిని మళ్ళీ వాడుకోవడం మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులకు, రీసెర్చ్ స్కాలర్లకు, ఆ పరిశోధనకు డబ్బు, జీతం, ప్రమోషన్ నిర్ణయించే వైస్ చాన్సలర్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) ల్యాబ్ కెమిస్టుని. మా ఊరు మూసీ ఒడ్డునే, నగరం దాటాక దిగువన. మా తాత కాలం నుంచి కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కాల్వ కింద వరి, పశువుల గడ్డి పండిస్తున్నాం. నగరం వదిలిన నీళ్ళను వారమంతా ల్యాబ్‌లో పరీక్ష చేస్తాను. ఆదివారం ఊరికి పోతే అవే నీళ్ళు మా మడిలో పారుతుంటాయి. ఈ రెండింటి మధ్యలో తెలియని విషయాలు చాలా ఉన్నాయి. వాటిని తేల్చగల చదువు, పరికరాలు మీ దగ్గర ఉన్నాయి. అందుకే మీకు రాస్తున్నాను.

నేనూ మీ దగ్గర చదువుకున్నవాణ్ణే. ఎంటెక్‌లో నా ప్రాజెక్టు ఎస్‌బీఆర్ మీద, అంటే ఒకే ట్యాంకులో విడతలవారీగా మురుగు శుద్ధి చేసే పద్ధతి. రెండు లీటర్ల గాజు పాత్ర, చేపల తొట్టికి పెట్టే గాలిపంపు, రోజూ పొద్దున్నే కలిపే 'సింథటిక్ వేస్ట్‌వాటర్'. అందులో గ్లూకోజ్, అమ్మోనియం క్లోరైడ్, కొంచెం ఫాస్ఫేటు, చిటికెడు మెగ్నీషియం సల్ఫేటు. బ్యాక్టీరియాకు అది పండగ భోజనం. సీవోడీ (నీళ్ళలో ఎంత మురికి ఉందో రసాయనాలతో కొలిచే లెక్క) 95 శాతం తగ్గేది. నెల తర్వాత కూడా 95 శాతమే. గ్రాఫులు అందంగా వచ్చాయి, మంచి మార్కులు వచ్చాయి. మా బ్యాచ్‌లో చాలామందివి అలాంటి ప్రాజెక్టులే. ఎందుకంటే నిజమైన మురుగు ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు, గ్రాఫు చెడగొడుతుంది, వాసన వస్తుందని పక్క ల్యాబ్ వాళ్ళు గొడవ చేస్తారు, తేవడానికి పర్మిషన్ లెటర్లు కావాలి. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కాదనను.

ఉద్యోగంలో చేరిన తర్వాతే అసలు మురుగు ఏమిటో చూశాను. జాలీల దగ్గర గుట్కా ప్యాకెట్లు, డైపర్లు, గడ్డకట్టిన హోటల్ నూనె. వాన పడితే నీళ్ళు పలచబడి బ్యాక్టీరియాకు తిండి చాలదు. మే నెలలో ఎంత గాలి ఊదినా నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. వీటన్నిటినీ ఆపరేటర్లు అనుభవంతో నెట్టుకొస్తారు.

ఒక రోజు తెల్లవారుజామున షిఫ్టు ఆపరేటర్ ఫోన్ చేశాడు. ట్యాంకులో డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాల్సింది 5 దాటిందట. బ్లోయర్లు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. తెలియనివాళ్ళకు ఆక్సిజన్ పెరగడం మంచి వార్తలా అనిపిస్తుంది. కానీ గాలి అంతే ఊదుతున్నా ఆక్సిజన్ మిగిలిపోతోందంటే దాన్ని పీల్చే బ్యాక్టీరియా చచ్చిపోతోందని అర్థం. నేను వెళ్ళేసరికి తెల్లటి నురగ గట్టు దాటి పొర్లుతోంది. మురుగు లోపలికి వచ్చే ఇన్‌లెట్ దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే మందు లాంటి వాసన. రాత్రి ఎవరో ట్యాంకరు తెచ్చి మ్యాన్‌హోల్‌లో వంచేసి ఉంటారు. ఎవరో, ఏమి పోశారో ఈ రోజుకీ తెలియదు. మా ల్యాబ్‌లో పీహెచ్, సీవోడీ, సస్పెండెడ్ సాలిడ్స్ లాంటివి చూడగలం. బీవోడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క) తెలియాలంటే 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పెట్టాలి. ఆ మూడు రోజుల్లో ఆ నీళ్ళు మా ఊరు దాటిపోతాయి.

నమూనా ఫ్రిజ్‌లో పెట్టి, నాకు తెలిసిన ఒక యూనివర్సిటీ విభాగానికి ఫోన్ చేశాను. వాళ్ళ దగ్గర ఎల్‌సీ-ఎంఎస్ ఉంది, నీళ్ళలో ఏ రసాయనం ఉందో గుర్తుపట్టే మెషీన్. అది వేరే ప్రాజెక్టుకు బుక్ అయిందన్నారు. సంస్థ నుంచి లెటర్ కావాలన్నారు, ఒక్కో నమూనాకు ఫీజు కట్టాలన్నారు. లెటర్ వచ్చేసరికి నమూనా పనికిరాకుండా పోయింది. ఎవరినీ తప్పుపట్టను, వాళ్ళ రూల్స్ అవి. వేరే ప్లాంటు నుంచి స్లడ్జ్ (బ్యాక్టీరియా ఉన్న మడ్డి) తెచ్చి మా ట్యాంకులో పోసి, మూడు వారాలు కష్టపడితే మళ్ళీ నీళ్ళు తేరాయి. ఆ మూడు వారాలూ సగం శుద్ధయిన నీళ్ళే మూసీలోకి పోయాయి.

మీ శాస్త్రం పుట్టిందే అసలైన మురుగులో. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డర్న్, లాకెట్ అనే ఇద్దరు డేవీహల్మ్ ప్లాంటు మురుగునే సీసాల్లో పోసి గాలి ఊదారు. మొదటిసారి శుభ్రపడడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. కింద పేరిన మడ్డిని పారేయకుండా ఉంచి, పైనీళ్ళు వంపి కొత్త మురుగు పోశారు. అలా మళ్ళీ మళ్ళీ చేస్తే చివరికి ఒక్క రోజులో శుభ్రపడింది. యాక్టివేటెడ్ స్లడ్జ్ అలా పుట్టింది. ఇవాళ హైదరాబాద్ కొత్త ఎస్‌టీపీల్లో నడిచే ఎస్‌బీఆర్ పద్ధతి కూడా అదే: నింపు, గాలి ఊదు, తేరనివ్వు, పైనీళ్ళు తీసెయ్. ఆర్డర్న్, లాకెట్‌లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాడు. ఆ తర్వాత రెండేళ్ళకే, 1916లో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ప్రొఫెసర్‌గా వచ్చాడు. అంటే ఈ విద్య దక్షిణ భారతానికి వచ్చి వందేళ్ళు దాటింది.

అంబర్‌పేట పాత ప్లాంటు కథా అంతే. అక్కడ పెట్టిన యూఏఎస్‌బీ (గాలి ఊదకుండా, మడ్డి పొర గుండా మురుగును కింది నుంచి పైకి పంపి శుద్ధి చేసే) పద్ధతిని 1970లలో నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్ విశ్వవిద్యాలయంలో లెటింగా అనే ప్రొఫెసర్ తయారుచేశాడు. చక్కెర ఫ్యాక్టరీ మురుగు మీద పనిచేసి నిలబెట్టిన పద్ధతి అది. దానికి పేటెంటు తీసుకోలేదు, అందుకే మనలాంటి వేడి దేశాలకు చవగ్గా చేరింది. అయితే అదొక్కటే చాలదు, దాని వెనక గాలి ఊదే దశ ఒకటి ఉండాలని ఇక్కడి మురుగుతో నడిపాకే అందరికీ అర్థమైంది.

కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ వాళ్ళు ఈ రోజు మురుగునీటిని తాగే నీళ్ళంత శుభ్రం చేసి భూమిలోకి ఇంకిస్తున్నారని మనమందరం గొప్పగా చెప్పుకుంటాం. అది 2008లో ఒక్కసారిగా మొదలైంది కాదు. 1976 నుంచే అక్కడ వాటర్ ఫ్యాక్టరీ 21 నడిచింది. స్టాన్‌ఫర్డ్ నుంచి పెర్రీ మెకార్టీ బృందం ఆ ప్లాంటులోనే ఏళ్ళ తరబడి నమూనాలు తీసి, ఏ దశలో ఏ రసాయనం పోతోంది, ఏది మిగులుతోంది అని లెక్కగట్టింది. అంత చేసినా 2000లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం బయటపడింది. నీటిని ఒత్తిడితో వడగట్టే ఆర్‌వో పొరను కూడా దాటి వచ్చే చిన్న అణువు అది. అప్పుడు యూవీ (అతినీలలోహిత కాంతి), హైడ్రోజన్ పెరాక్సైడ్ దశ చేర్చారు. రోజూ వెతికేవాళ్ళు ఉన్నారు కాబట్టి అది దొరికింది. మన దగ్గర అలా వెతికేవాళ్ళెవరు?

నన్ను ఎక్కువగా బాధించేది పటాన్‌చెరు సంగతి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి లార్సన్ బృందం ఒక పేపరు ప్రచురించింది. పటాన్‌చెరు చుట్టూ ఉన్న దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్ళలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోతున్న సిప్రో 45 కిలోలని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేదంత అని లెక్కగట్టారు. ప్రపంచంలో యాంటీబయాటిక్ కాలుష్యం గురించి ఎక్కడ మాట్లాడినా ఈ రోజుకీ పటాన్‌చెరు పేరే ముందు వస్తుంది. గోథెన్‌బర్గ్ నుంచి పటాన్‌చెరుకు వేల కిలోమీటర్లు. మన యూనివర్సిటీల నుంచి సిటీ బస్సు దూరం.

మా ఊరి వైపు కూడా అలాగే జరిగింది. లండన్ నుంచి ఎన్సింక్ అనే పరిశోధకుడు వచ్చి నగరం దిగువన సుమారు 40 కిలోమీటర్ల పొడవునా మూసీ నీళ్ళను నెలల తరబడి పరీక్షించాడు. ఒక కత్వ తర్వాత ఒక కత్వ వెనక నీళ్ళు ఆగి, మడ్డి దిగి, ఎండ తగిలి, కిందికి పోయేకొద్దీ బీవోడీ, బ్యాక్టీరియా తగ్గుతున్నాయని చూపించాడు. నిజాం కాలంలో, అంతకు ముందు కట్టిన మన కత్వలు తెలియకుండానే నీళ్ళు శుద్ధి చేస్తున్నాయన్నమాట! నగరానికి దగ్గరగా పచ్చి మురుగు పారించుకునే కుటుంబాల్లో కడుపులో నులిపురుగులు ఎక్కువని కూడా ఆ పరిశోధనల్లో తేలింది. ఆ విషయం మా ఊళ్ళో ఎవరికీ చెప్పినవాళ్ళు లేరు. నేను ఎంటెక్ చదివేటప్పుడు పేపర్లు వెతుకుతుంటే కనబడింది. మా కత్వ పేరు ఇంగ్లిష్ పేపరులో చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీలో కొందరు మూసీ మీద మంచి పనే చేశారు, నాకు తెలుసు. కొన్ని థీసిస్‌లు చదివాను. బూట్లు వేసుకుని నాలాలో దిగి నమూనాలు తీసిన స్కాలర్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ థీసిస్‌లు లైబ్రరీలో ఉన్నాయి. స్కాలర్ డిగ్రీ తీసుకుని వెళ్ళిపోగానే కొలతలు ఆగిపోయాయి. మూడు నమూనాలు, రెండు సీజన్లు, అంతే. నది ఏడాదంతా పారుతుంది.

మా ఊరి మాటకు వస్తాను. ఈ నీళ్ళతో మాకు లాభం లేదని కాదు. ఎండాకాలం చుట్టుపక్కల బోర్లు ఎండిపోయినా మా కాల్వ ఎండదు. నత్రజని నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి యూరియా పెద్దగా చల్లం. అదే నత్రజని ఎక్కువై వరి ఏపుగా పెరిగి ఈనే ముందు పడిపోతుంది. నాట్లకు వచ్చే ఆడవాళ్ళు కాళ్ళకు నూనె రాసుకుని దిగుతారు, లేకపోతే దురదలు, పుండ్లు. మూసీ వడ్లంటే వ్యాపారి ధర తగ్గిస్తాడు. రాత్రి వండిన అన్నం పొద్దుటికి పాసిపోతుందని మా అమ్మ అంటుంది. అది నీళ్ళ వల్లనో కాదో నాకు తెలియదు, తేల్చినవాళ్ళు లేరు. గడ్డి తిన్న బర్రెల పాలు మళ్ళీ నగరానికే పోతాయి, అంటే మీ ఇళ్ళకే.

"నీళ్ళ సదువే గదా బిడ్డా నువ్వు సదివింది. గీ కాల్వ నీళ్ళు మంచియా కావా, గదొక్కటి చెప్పు" అని మా అమ్మ చాలాసార్లు అడిగింది. బీవోడీ చెప్పగలను, కోలిఫామ్ (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) చెప్పగలను. మందుల అవశేషాలు ఎంత, మందుకు లొంగని బ్యాక్టీరియా ఎంత, మట్టిలో ఉప్పు ఏడాదికి ఎంత పేరుకుంటోంది, పాలకూర ఆకులోకి ఏమి ఎక్కుతోంది, వీటికి నా దగ్గర జవాబు లేదు.

ప్రభుత్వ ప్రమాణాలు కూడా ఆ ప్రశ్నలు అడగవు. 2017లో మహానగరాల ఎస్‌టీపీలకు బీవోడీ పరిమితి లీటరుకు 20 మిల్లీగ్రాములు అన్నారు, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి దించమంది. మంచిదే. కానీ యాంటీబయాటిక్‌ల గురించి ఒక్క అంకె లేదు. మందుల ఫ్యాక్టరీల నీళ్ళలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఇక్కడి నీళ్ళలో, ఇక్కడి పొలాల్లో ఏళ్ళ తరబడి తీసిన లెక్కలు ఎవరైనా బల్ల మీద పెట్టి ఉంటే ఆ అంకెలు తీసేయడం అంత సులువయ్యేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు ఈ పని ఎందుకు ఆలస్యం చేయకూడదంటే, హైదరాబాద్‌లో 31 కొత్త ఎస్‌టీపీలకు 2021లో 3,866 కోట్లు మంజూరయ్యాయి. అవన్నీ పూర్తిగా నడిస్తే శుద్ధయిన నీళ్ళు వందల మిలియన్ల లీటర్లు రోజూ చేతికి వస్తాయి. దేశం మొత్తం చూస్తే పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధయ్యేది 20,236 మిలియన్ లీటర్లే అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక చెప్పింది. ఆ లెక్కలో మన నగరం మెరుగ్గా ఉండబోతోంది. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెచ్చుకున్న కృష్ణా నీళ్ళు ఒక్కసారి వాడి వదిలేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. చెన్నైలో 2019 నుంచి కొడుంగయ్యూర్, కోయంబేడు ప్లాంట్లలో మురుగును ఆర్‌వో దాకా శుద్ధి చేసి పరిశ్రమలకు ఇస్తున్నారు. 2018 నుంచి బెంగళూరు శుద్ధి నీళ్ళు కోలారు చెరువుల్లోకి పోతున్నాయి. ఆ చెరువుల కింద రైతుల్లో ఎంతోమంది తెలుగు మాట్లాడేవాళ్ళే. నీళ్ళు వచ్చి బోర్లు లేచినందుకు సంతోషపడ్డారు, మామూలు శుద్ధి తర్వాత చేయాల్సిన మూడో దశ శుద్ధి లేకుండా వదిలారని కోర్టుకూ ఎక్కారు. రెండూ న్యాయమే. రేపు ఇదే చర్చ మన దగ్గర వస్తుంది. అప్పుడు అందరూ మీ వైపే చూస్తారు.

'ఆర్‌వో పెట్టేస్తే అయిపోతుంది' అనేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ పొరను మొదట పనికొచ్చేలా తయారుచేసింది కూడా విశ్వవిద్యాలయమే. 1950ల చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి చేశారు. గర్వపడాల్సిన పనే. కానీ వంద లీటర్లు ఆర్‌వోలో పోస్తే పదిహేను నుంచి ఇరవై ఐదు లీటర్లు ఉప్పు, మందులు, రంగులు అన్నీ చిక్కబడిన రిజెక్టుగా మిగులుతాయి. ఆరెంజ్ కౌంటీ దాన్ని పసిఫిక్ మహాసముద్రంలో వదులుతుంది. హైదరాబాద్‌కు సముద్రం లేదు. రిజెక్టును ఆవిరి చేయాలంటే కరెంటు బిల్లు భరించలేరు. అది చివరికి ఏదో ఒక రాత్రి ఏదో ఒక నాలాలోకే వస్తుందని నా భయం. సముద్రం లేని నగరంలో రిజెక్టును ఏం చేయాలన్నది నిజంగా మనదైన పరిశోధన ప్రశ్న. విదేశీ జర్నల్‌లో వెతికితే జవాబు రెడీగా దొరకదు.

ఓజోన్, యాక్టివేటెడ్ కార్బన్ సంగతీ అంతే. స్విట్జర్లాండ్ 2016 నుంచి పెద్ద ఎస్‌టీపీల్లో మందుల అవశేషాలను తీసేసే దశను చట్టంగా తెచ్చింది. అంతకు ముందు అక్కడి పరిశోధకులు నడుస్తున్న ఊరి ప్లాంటులో ఓజోన్ పెట్టి చూశారు. మన మురుగులో బ్రోమైడ్ ఉంటే ఓజోన్‌తో కలిసి బ్రోమేట్ తయారవుతుంది, అది మరో క్యాన్సర్ కారకం. మూసీలో ఎంత బ్రోమైడ్ ఉందో చూడకుండా స్విస్ డిజైను తెచ్చి పెట్టలేం. అదీ కాక, పొలానికి పోయే నీళ్ళకు ఆర్‌వో అవసరమే లేదు. మాకు నత్రజని కావాలి, నులిపురుగు గుడ్లు వద్దు, మందులు వద్దు, ఉప్పు తక్కువ కావాలి. అలాంటి శుద్ధి ఎంత చవగ్గా చేయొచ్చు? కత్వల వెనక నీళ్ళు ఎన్నాళ్ళు ఆపితే గుడ్లు అడుగుకు దిగుతాయి? దీని మీద ఒక్క పీహెచ్‌డీ చేసినా మా ఊళ్ళు మీకు రుణపడి ఉంటాయి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఒక నడుస్తున్న ఎస్‌టీపీ ఆవరణలో, అధికారులతో ఒప్పందం చేసుకుని, కంటెయినర్ అంత పైలట్ ప్లాంటు పెట్టండి. నిజమైన మురుగు అందులోకి పోవాలి. ఎండాకాలం, వానాకాలం, పండగలు అన్నీ దాటి కనీసం రెండేళ్ళు నడవాలి. ఒక స్కాలర్ వెళ్ళిపోయినా తర్వాతి స్కాలర్ అదే లెక్క కొనసాగించాలి. వడగట్టే పొర (మెంబ్రేన్) మూసుకుపోయిన రోజు, బ్యాక్టీరియా చచ్చిపోయిన రోజు కూడా రాసిపెట్టండి, ఆ రోజులే మాకు ఎక్కువ పనికొస్తాయి. మాలాంటి ప్లాంటు కెమిస్టు ఫోన్ చేసి 'ఏదో విషం వచ్చింది' అంటే, లెటర్ కోసం ఆగకుండా ఆ పూటే నమూనా మెషీన్‌లోకి ఎక్కే ఏర్పాటు ఒకటి చేయండి. వైస్ చాన్సలర్ గార్లకు ప్రత్యేకంగా ఒక మాట: ప్లాంటులో రెండేళ్ళు పనిచేసిన స్కాలర్‌కు రెండే పేపర్లు రావచ్చు. గ్లూకోజ్‌తో చేసినవాళ్ళకు ఆరు రావచ్చు. ఇంటర్వ్యూ బోర్డులో దయచేసి ఆ తేడా చూడండి.

మీ హాస్టళ్ళ మురుగు ఎక్కడికి పోతోందో కూడా ఒకసారి చూడండి. వేలమంది పిల్లలు ఉండే క్యాంపస్‌లో మొదటి ప్లాంటు అక్కడే పెట్టొచ్చు. ఆ నీళ్ళతో మీ తోటలు, మీ ఫ్లష్ ట్యాంకులు నడిపి చూపిస్తే జనం నమ్ముతారు. నమ్మకం లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని టూవూంబాలో 2006లో చూశాం. కరువు మధ్యలో కూడా శుద్ధి చేసిన మురుగునీరు తాగేది లేదని 62 శాతం ఓటేశారు.

ఫలితాలు తెలుగులో చెప్పండి. పేపరు మీ జర్నల్‌కే వేసుకోండి, కానీ ఏ కత్వ దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయో, ఏ కాల్వ కింద ఆకుకూరలు వేయకూడదో, నాట్లేసేవాళ్ళు ఏ జాగ్రత్త తీసుకోవాలో ఏడాదికి రెండుసార్లు ఊరి పంచాయతీ దగ్గర నిలబడి చెప్పండి. చెడు వార్త అయినా చెప్పండి. మేము భయపడిపోయి వ్యవసాయం మానేస్తామని అనుకోకండి. మాకు వేరే నీళ్ళు లేవు, కాబట్టి ఉన్నవాటి గురించి తెలిస్తే జాగ్రత్తపడతాం.

మొదలుపెట్టడానికి మంచి కాలం ఏప్రిల్, మే. నదిలో వాన నీళ్ళు కలవవు, అసలు మురుగే ఉంటుంది. మా ప్లాంటు ఇన్‌లెట్‌లో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఎక్కువ వస్తుంది, ట్యాంకర్లు వచ్చేది అర్ధరాత్రి తర్వాత. రెండు సమయాల్లోనూ నమూనా తీయాలి. ఐస్ బాక్సు తెచ్చుకోండి. ఆదివారం వస్తే కత్వ దాకా నేనే తీసుకెళ్తాను. మా అమ్మ మిమ్మల్ని అదే ప్రశ్న అడుగుతుంది.

ఇట్లు,
మూసీ దిగువ ఊరి రైతు బిడ్డ, ఒక ఎస్‌టీపీ ల్యాబ్ కెమిస్టు